ఐదోసారి ఆగితే ఇక లేవదు: మూడేళ్ల సోలార్ ఇన్వర్టరు, ఒక పంతం

కాకినాడలోని మా డాబా మీద 5.4 కిలోవాట్ల ప్యానెళ్లు, మెట్ల గదిలో 5 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చి, వీధి లైనుతో కలిసి పనిచేసే యంత్రం) పెట్టించి మూడేళ్లు దాటింది. ఎన్ని యూనిట్లు వస్తాయి, బిల్లు ఎంత తగ్గుతుంది అన్న లెక్కలు ఈపాటికి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ఆ ఇన్వర్టరులోని ఒకే ఒక్క సదుపాయం గురించి, అంటే ఆర్క్ ఫాల్టును (తీగల జాయింట్ల దగ్గర ఖాళీని దాటుతూ కరెంటు నిప్పులా లేవడాన్ని) పసిగట్టి యంత్రాన్ని ఆపేసే ఏర్పాటు గురించి. దాని మీద నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

మొదటి ఆరు నెలలూ "పెట్టించి మరిచిపోవచ్చు" అంటూ దీన్ని కనిపించినవారికల్లా పొగిడాను. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక దాని విలువ నాకు వెంటనే అర్థమైంది. ఇంట్లోని, దిశ మార్చుకుంటూ పారే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా మీదుగా పోతుంది కాబట్టి, వదులైన జాయింటు దగ్గర లేచిన ఆర్కు అక్కడ ఆరిపోయే అవకాశం ఉంటుంది. ప్యానెళ్ల నుంచి దిగే, ఒకే దిశలో పారే డీసీకి అలాంటి విరామమే లేదు; ఎండ ఉన్నంతసేపూ ఆ ఆర్కు వెల్డింగు చేస్తున్నట్లు మండుతూ పక్కనున్న ప్లాస్టిక్కునూ పైపునూ కాల్చగలదు. అమెరికాలో విద్యుత్ నియమావళి 2011 నుంచే ఇళ్ల మీది 80 వోల్టులు, అంతకు మించిన సోలార్ సర్క్యూట్లకు ఈ రక్షణ ఉండాలని చెప్పిందని చదివి, ఇక్కడ నన్ను ఎవరూ అడగకపోయినా ఏరికోరి ఈ మోడలునే కొన్నాను.

2023 అక్టోబరు వానలు వెలిసిన వారం నుంచి కథ మారింది. పొద్దున తొమ్మిది దాటి ఎండ చురుక్కుమనేసరికి ఇన్వర్టరు ఆగిపోయి, తెర మీద ఆర్క్ ఫాల్ట్ అన్న మాట కనిపించేది. ఐదు నిమిషాలకు తనంతట తానే మళ్లీ మొదలయ్యేది. అయితే ఒకే రోజులో నాలుగుసార్ల వరకే ఆ దయ. ఐదోసారి ఆగిందంటే మనిషి వెళ్లి దాని ముందు నిలబడి ఆ ఫాల్టును చెరిపేదాకా లేవదు. మనవరాలి అన్నప్రాశనకు విశాఖపట్నం వెళ్లి నాలుగో రోజున తిరిగివస్తే, మేము బయలుదేరిన రోజు ఉదయమే అది ఆగిపోయి ఉంది. బాగా ఎండ కాసిన ఆ రోజుల్లో రోజుకు ఇరవై యూనిట్ల చొప్పున పోయిందంతా గాలికి పోయినట్లే.

సోలార్ పెట్టినవారు పంపిన కుర్రవాడు మెగ్గరు అనే పరీక్షా పరికరంతో తీగల ఇన్సులేషను చూసి అంతా బాగానే ఉందన్నాడు. అది అబద్ధమేమీ కాదు. ఆ పరీక్ష తీగ నుంచి నేలకు కారే కరెంటును పట్టుకుంటుందే గాని, తీగ మధ్యలో వదులైన జాయింటును పట్టుకోలేదు. ఆ తరువాత, "ఇది ఉత్తుత్తి ట్రిప్పే మాస్టారూ, సెట్టింగులో ఆ ఆప్షను ఆపేస్తే మళ్లీ రాదు" అన్నాడు. తన పాస్‌వర్డుతో ఆపేయడానికి సిద్ధపడ్డాడు కూడా. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. కానీ వంటింటి పొగను పసిగట్టి మోగే గంటను, ఏం మాడుతోందో చూడకుండానే పీకి పారేసినట్లు అనిపించి వద్దన్నాను.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. యంత్రం ఆర్కు ఉందని అరుస్తుంది గాని, రెండు స్ట్రింగుల్లో (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసుల్లో) ఏదో కూడా చెప్పదు. కనుక నేను ఒక పాత క్యాలెండరు తీసుకుని ట్రిప్పయిన ప్రతి వేళనూ, ఆనాటి ఆకాశాన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. రోజంతా మబ్బు పట్టిన నాడు ఒక్కటీ లేదు. రాత్రి తడిసి పొద్దున ఎండ కాసిన నాడు అన్నీ ఉన్నాయి. తరువాత ప్యానెళ్లను ఇన్వర్టరు నుంచి విడదీసే స్విచ్చు, అంటే డీసీ ఐసోలేటరుతో ఒక్కొక్క స్ట్రింగును నాలుగేసి రోజులు ఆపి ఉంచాను. సగం ఉత్పత్తి పోయినా, తూర్పు వైపు స్ట్రింగు ఆగి ఉన్న నాలుగు రోజులూ ఇన్వర్టరు ఊపిరి పీల్చుకోవడం స్పష్టంగా తెలిసింది.

ఆ సంగతి చెప్పిన మీదట వారు థర్మల్ కెమెరా తెచ్చారు. మిట్టమధ్యాహ్నం కరెంటు నిండుగా పారుతున్నప్పుడు చూస్తే, ఆఖరి ప్యానెలు నుంచి కిందికి దిగే కేబులు మొదట్లో ఉన్న కనెక్టరు ఒక్కటే మిగిలినవాటికంటే ఎంతో వేడిగా కనిపించింది. ఇన్వర్టరును ఆపి, ఐసోలేటరు తీశాకే దాన్ని విప్పారు (ఎండలో, కరెంటు పారుతుండగా విప్పితే అదే ఆర్కు పుట్టిస్తుంది, దయచేసి ఎవరూ అలా చేయకండి). లోపలి పిన్ను గోధుమరంగుకు తిరిగి, ఒక పక్క ప్లాస్టిక్కు కరగడం మొదలైంది. ప్యానెలుతో వచ్చిన సగం ఒక తయారీదారుది, కేబులుకు వీరు బిగించిన సగం మరొకరిది. రెండూ సోలార్ కేబుళ్లకు మామూలుగా వాడే ఎమ్‌సీ4 రకంగానే కనిపిస్తాయి, టక్కుమని అతుక్కుంటాయి, కానీ లోపలి కొలతలూ లోహమూ ఒకటి కావు. పైగా ఆ పిన్నును తీగ మీద సరిగ్గా నొక్కి బిగించే క్రింపింగ్ టూలుతో కాక కటింగ్ ప్లేయరుతో నొక్కినట్లు గుర్తులు కనిపించాయి. ఉత్తుత్తిదని మేమందరం విసుక్కున్న ట్రిప్పు ఉత్తుత్తిది కాదు.

ఇక్కడితో ముగిస్తే యంత్రానికి దండ వేయాల్సి వచ్చేది. కనెక్టరు మార్చిన తరువాత పొద్దుటి ట్రిప్పులు పోయాయి గాని, వారానికి రెండు మూడు సాయంత్రపు ట్రిప్పులు మిగిలాయి. క్యాలెండరులో వాటి పక్కన కారణం దానంతటదే బయటపడింది: అవన్నీ మొక్కలకు నీళ్లు పెట్టే వేళవి. ప్రెషరు పంపు మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవు అనే ఎలక్ట్రానిక్ పరికరం కేబులును సోలార్ డీసీ కేబులుతో కలిపి ఒకే పైపులో దించారు. ఆర్కును గుర్తించే పరికరం వెతికేది డీసీ కరెంటు మీద తేలియాడే అధిక పౌనఃపున్యపు అలజడినే. అలాంటి అలజడినే ఆ డ్రైవూ పుట్టిస్తుంది. పంపు కేబులును వేరు చేసి, దూరదూరంగా వేసిన డీసీ ప్లస్సు, మైనస్సు తీగలను పక్కపక్కనే ఉండేలా దించిన తరువాత ఏడాదిలో రెండే ట్రిప్పులు వచ్చాయి. ఆ రెండింటికీ కారణం దొరకలేదు.

కనుక "పెట్టించి మరిచిపోవచ్చు" అని అప్పట్లో నేను చెప్పిన మాటను కొంత సవరించుకుంటున్నాను. సంపూర్ణ రక్షణ అన్న మాటా వాడను. ఇన్వర్టరు ఆగితే స్ట్రింగులో కరెంటు ఆగి, వరుసలో పుట్టిన ఆర్కు ఆరుతుంది. ప్లస్సు, మైనస్సు తీగల నడుమ నేరుగా ఆర్కు లేస్తే, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లు దానికి కరెంటు పోస్తూనే ఉంటాయి. అయినా నా పరిస్థితిలో మళ్లీ కొనవలసివస్తే ఈ సదుపాయం ఉన్నదే కొంటాను. రోజూ ఇంట్లో ఉండేవాణ్ణి, మెట్ల గది దాకా వెళ్లి ఒక మీట నొక్కడం నాకు వ్యాయామమే. ఇల్లు అద్దెకిచ్చి దూరాన ఉండేవారు మాత్రం, ఫాల్టును ఫోను నుంచి చెరపవచ్చో లేదో, ఏ స్ట్రింగులో వచ్చిందో చూపిస్తుందో లేదో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టడం మంచిది.

పడమటి స్ట్రింగులోనూ అలా ఇద్దరు తయారీదారుల సగాలు కలిపిన కనెక్టర్లు రెండు ఉన్నాయి. వానలు రాకముందే వాటిని మార్చడానికి సోలార్ వారిని ఒప్పించాను. ఈసారి క్రింపింగ్ టూలు తెస్తేనే నిచ్చెన ఇస్తానని కూడా చెప్పాను.