పాత మెలనీషియాను చూడాలంటే ఎవరి ఫొటోలు మేలు: హర్లీవా, మాలినోవ్‌స్కీవా?

ఆస్ట్రేలియాకు ఉత్తరాన, తూర్పున ఉన్న పసిఫిక్ దీవుల వరుస మెలనీషియా; అందులో న్యూ గినీ దీవిలోని ఒక భాగం పాపువా. వందేళ్ల కిందటి పాపువా జీవితాన్ని ఫొటోల్లో చూడాలనుకునేవాళ్లకు తరచూ తగిలే పేర్లు రెండు: ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ, మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ. తిరిగిన చోట్లు వేరు, కాలం మాత్రం దగ్గరదగ్గరే.

అందం సంగతైతే పోటీయే లేదు, హర్లీయే. అంటార్కిటికాలో అన్వేషకుడు షాకిల్టన్ ఓడ మంచులో నలిగిపోవడాన్ని ఫొటోల్లో పట్టింది ఇతనే. 1920-23 మధ్య రెండుసార్లు పాపువా వెళ్లాడు, రెండోసారి సముద్ర విమానం కూడా పట్టుకెళ్లాడు. ముఖాలు, నగలు, తీరంలోని మగవాళ్ల పొడవాటి ఇళ్లు అన్నీ కళ్లకు కట్టినట్టు తీశాడు. చిక్కల్లా నమ్మకంతోనే. మొదటి ప్రపంచ యుద్ధం ఫొటోల్లో రెండు మూడు నెగటివ్‌లు కలిపి ఒకే దృశ్యంగా చూపించి మాటపడ్డ మనిషి. పాపువాలోనూ ఇతని బృందం వాళ్లు ఊళ్లవాళ్లను బెదిరించి వస్తువులు పట్టుకుపోయారన్న ఆరోపణ అప్పట్లోనే వచ్చింది.

మాలినోవ్‌స్కీ 1915-18 మధ్య రెండు విడతలుగా పాపువా తూర్పు కొసకు దగ్గర్లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. ఒమరకానా ఊళ్లో ఇళ్ల మధ్యే డేరా వేసుకున్నాడు. ఫొటోగ్రఫీ తనకు పక్క పనేనని తనే ఒప్పుకున్నాడు. అది కనిపిస్తుంది కూడా: మనుషులు దూరంగా ఉంటారు, ముఖాలు సరిగ్గా తెలియవు.

అయినా నా ఓటు ఇతనికే. పెండలం గాదె ఫొటోనే తీసుకోండి. దుంగల మధ్య సందులుంటాయి. గాలి ఆడాలి, పైగా లోపలి పంట ఎంతో, ఎంత మంచిదో నలుగురికీ కనబడాలి. ఫొటో పక్కన అతని రాత పెట్టుకుంటే అసలు విషయం తెలుస్తుంది: ఆ దుంపల్లో చాలా భాగం ఇంటాయన పండించినవి కావు, ఆయన బావమరుదులు తెచ్చి పోసినవి. ఆడపడుచు ఇంటికి పంట పంపడం అక్కడ పెద్ద బాధ్యత. ఎవరెంత పోశారన్నది పరువు లెక్క. హర్లీ ఫొటో ఎంత బాగున్నా ఇలాంటి లోగుట్టు చెప్పదు.

మాలినోవ్‌స్కీ కంటికి అన్నీ ఆనాయని కాదు. ఎవరైనా చనిపోతే ట్రోబ్రియాండ్ ఆడవాళ్లు ఎండుటరటాకు కట్టలు కుప్పలుగా పంచుతారు, అదే వాళ్ల సంపద. అతను పెద్దగా పట్టించుకోని ఈ సంగతిని 1970ల్లో ఆనెట్ వైనర్ అనే పరిశోధకురాలు అక్కడికెళ్లి వివరంగా రాసింది. ఆడవాళ్ల వైపు కథ కావాలంటే ఈ ఇద్దరినీ పక్కనపెట్టి ఆవిడను చదవాల్సిందే.