హైబరీ: గోల్ పోస్టులు పోయి పూలమొక్కలొచ్చిన చోటు

లండన్‌లో చదువుతున్న మావాడికి ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ అంటే పిచ్చి. వాడి కోసం ఆ క్లబ్ ఇప్పటి మైదానం ఎమిరేట్స్ స్టేడియం టూర్‌కి టికెట్లు కొన్నాను. నాకేమో వాళ్ల పాత మైదానం హైబరీ చూడాలని.

"అక్కడిప్పుడు ఫ్లాట్లే నాన్నా, ఏం చూస్తావు?"

"ఆ ఫ్లాట్లే చూద్దాం, పదరా."

భూగర్భ రైలు పిక్కడిల్లీ లైన్‌లో ఆర్సెనల్ స్టేషన్‌లో దిగాం. ప్లాట్‌ఫాం గోడ పలకల మీద ఇంకా పాత పేరు, గిల్లెస్పీ రోడ్, కనిపిస్తుంది. అప్పటి క్లబ్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ వెంటపడి 1932లో స్టేషన్‌కి క్లబ్ పేరు పెట్టించాడు. రైల్వే మ్యాప్‌లో శాశ్వతంగా ప్రకటన, ఏం బుర్రయ్యా! బయటికి రావాలంటే మాత్రం లిఫ్ట్ లేదు, ఎస్కలేటర్ లేదు, పొడవాటి ఎగువ దారి. మోకాళ్ల నొప్పులుంటే పక్క స్టేషన్ ఫిన్స్‌బరీ పార్క్‌లో దిగండి.

నాలుగడుగులు వేస్తే ఆవెనెల్ రోడ్. ఇళ్ల వరుస మధ్య ఉన్నట్టుండి హైబరీ మైదానం తెల్లటి ఈస్ట్ స్టాండ్. 1936 నాటిది, చట్టప్రకారం రక్షిత కట్టడం కాబట్టి ముఖద్వారం అలాగే నిలిచింది. థేమ్స్ అవతలి ప్లమ్‌స్టెడ్ నుంచి క్లబ్ 1913లో ఇక్కడికొచ్చింది. స్థలం ఒక క్రైస్తవ మత కళాశాలది. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ రోజుల్లో ఆట ఆడకూడదని మొదట్లో షరతు! 1935లో సండర్లాండ్ జట్టుతో మ్యాచ్‌కి 73,295 మంది ఇరుక్కున్నారట. ఈ సన్న వీధిలో అంతమంది ఎలా పట్టారో నాకైతే ఊహకందలేదు.

ఇక్కడ చివరి మ్యాచ్ 2006 మే 7న, విగాన్ జట్టు మీద 4-2తో గెలుపు. ఆర్సెనల్ స్ట్రైకర్ తియెరీ ఆన్రీ మూడు గోల్స్ కొట్టి, వంగి నేలను ముద్దు పెట్టుకున్నాడు. రెండు గోల్ పోస్టుల వెనక స్టాండ్లు కూల్చేశారు, మిగతా రెండూ ఫ్లాట్లయ్యాయి. మైదానం స్థలంలో తోట. అది అక్కడివాళ్లది, కెమెరా పట్టుకుని వాళ్ల కిటికీల్లోకి చూడకండి.

అక్కడికి అరకిలోమీటరు లోపే ఎమిరేట్స్. డ్రెస్సింగ్ రూమ్, మ్యూజియం బాగున్నాయి, డబ్బు దండగ కాదు. కాకపోతే పైసా ఖర్చు లేని ఆవెనెల్ రోడ్డే నాకు ఎక్కువ నచ్చింది. రెండూ చూసేవాళ్లు ముందు పాతదానికి వెళ్లండి.

బస ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర ఒక చిన్న హోటల్లో. ఫొటోలో ఉన్న కిటికీ మా గదిలో లేదు. బస్సులు, రైళ్లు గుమ్మం ముందే కాబట్టి సర్దుకున్నాం. రాత్రి మావాడు ఫోన్‌లో ఆన్రీ మూడో గోల్ నాకు నాలుగుసార్లు చూపించాడు.