రేటు పెట్టి అమ్మాలా, ఊరికే ఇచ్చి లోపల అడగాలా?

రాజమండ్రి నుంచి ఇద్దరు కుర్రాళ్లు తాము చేసిన ఆట పంపించారు. అందులో ఒకడు మా పిన్ని కొడుకు. డెల్టా కాలువ ఆట అది. పైన లాకు, కింద తూములు, చివర పొలాలు. ఎవరి వంతు నీళ్లు వాళ్లకి అందేలా తలుపులు ఎత్తాలి, దించాలి. శివారు పొలం ఎండిందా, ఓడిపోయినట్టే. రంగులు కూడా ఇంకా సరిగ్గా వెయ్యలేదు గానీ కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. వాడు అడిగింది మాత్రం ఆట ఎలా ఉందని కాదు. "అన్నయ్యా, దీన్ని ఫోన్లో ఫ్రీగా పెట్టమంటావా, స్టీమ్‌లో రేటు పెట్టి అమ్మమంటావా?" (స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం.)

నేను హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా ఆటలు డిజైన్ చేస్తున్నాను. సగం కాలం ఫ్రీ ఆటల్లో, సగం కాలం కొనుక్కుని ఆడేవాటిలో గడిచింది. (ఈ మాట చెప్పగానే మా మేనమామ ఇప్పటికీ "రమ్మీయేనా?" అంటాడు. డబ్బు పెట్టి ఆడేవాటిని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆపేశాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆయన అనుమానం మాత్రం తీరలేదు.) ముందు ఆట పూర్తి చెయ్యండి, అమ్మకం సంగతి తర్వాత చూద్దాం అనేవాళ్లు చాలామంది ఉంటారు. నేను అనను. డబ్బు ఎప్పుడు అడుగుతామో తేలకుండా మూడో లెవెల్ కూడా గియ్యలేం. ఆ రెండు దారుల్లో ఇదే కాలువ రెండు వేర్వేరు ఆటలైపోతుంది.

ముందు ఫ్రీ సంగతి. కాలువలో నీళ్లు శివారుకి చేరడానికి ఎలాగూ సమయం పడుతుంది కదా. ఫ్రీ ఆటల్లో పనిచేసినవాడి కన్ను మొదట అక్కడే ఆగుతుంది. తలుపు ఎత్తాక నాలుగు గంటలు ఆగండి, లేదా పది రత్నాలు (డబ్బు పెట్టి కొనుక్కునేవి) ఇచ్చి ఇప్పుడే నీళ్లు పారించుకోండి. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోన్ ఆట 2012 నుంచి కట్టడాల దగ్గర చేస్తున్నది ఇదే. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు, ఒకటి తిరిగి రావడానికి అరగంట. నిరీక్షణే అక్కడ సరుకు.

లోపలి సంగతి ఇంకొంచెం చెప్తాను. 17వ లెవెల్లో ఆటగాడికి 22 సార్లు తలుపు తిప్పే వీలుందనుకోండి. జనం సగటున 20 తిప్పుల్లో గెలుస్తున్నారు. మా దగ్గర ఎకానమీ షీట్, అంటే ఆటలో దేనికి ఎంత అన్న లెక్కలు, చూసే మనిషి ఒకరుంటారు. ఆయన వచ్చి ఆ 22ని 19 చేస్తాడు. ఇప్పుడు చాలామంది ఒక్క తిప్పు తేడాలో ఓడిపోతారు. పొలం కళ్ల ముందే బీటలు వారుతుంటుంది, దాని మీద ఆకుపచ్చ బటన్: ఇంకో ఐదు తిప్పులు. ఆ ఒక్క తిప్పు దూరం మీదే మా జీతాలు నడిచాయి. మరీ 15 చేస్తే ఆటే తీసేస్తారు, 21 చేస్తే ఎవరూ కొనరు. ఒక లెవెల్ కోసం ఇలా వారం రోజులు ఒకే అంకె చుట్టూ తిరిగిన సందర్భాలున్నాయి. ఇందులో పనితనం లేదని నేను అనను. ఉంది, చాలా ఉంది. అది నీళ్ల మీద కాదు, మనిషి విసుగు మీద చూపించే పనితనం.

మరి ఎవరు కొంటారు? నూటికి ఇద్దరో ముగ్గురో. ఆ కొద్దిమందిలో కూడా ఎక్కువ డబ్బు ఒకరిద్దరి నుంచే వస్తుంది, వాళ్లని మా పరిశ్రమలో వేల్స్ (తిమింగలాలు) అంటారు. మిగతావాళ్లకి వీడియో యాడ్ చూపించి పైసా పైసా పోగేస్తాం. అంటే ఆట పెద్దగా నడవాలి, రోజూ నడవాలి. మర్నాడు ఎంతమంది తిరిగొచ్చారు, ఏడో రోజు ఎంతమంది, ముప్పయ్యో రోజు ఎంతమంది అన్న మూడు అంకెలే పొద్దున్నే మాకు పంచాంగం. దీపావళికి ఒక ఈవెంట్, సంక్రాంతికి ఒకటి, వారాంతానికి ఒకటి. విడుదల రోజు పని అయిపోదు, మొదలవుతుంది. ఇద్దరు కుర్రాళ్లు చేసే పని కాదది.

ఇంకో చిక్కు, డౌన్‌లోడ్లు ఊరికే రావు. వాటిని కొనాలి. ఒక మనిషిని తేవడానికి యాడ్లకి 20 రూపాయలు ఖర్చయి, ఆ మనిషి ఆట ఆడినన్నాళ్లూ కలిపి 15 రూపాయలే ఇచ్చాడనుకోండి, ప్రతి డౌన్‌లోడ్‌కీ ఐదు రూపాయలు చేతి నుంచి పోయినట్టు. ఆట ఎంత హిట్టయితే అంత నష్టం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఇలా మునిగిన ఆటల్ని దగ్గర్నుంచి చూశాను. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లకి ఐఓఎస్ 14.5 అప్‌డేట్ వచ్చింది. మీ మీద నిఘా పెట్టనివ్వాలా అని నిఘా పెట్టే ప్రతి యాప్ అడగాల్సిందేనని ఆపిల్ నియమం పెట్టింది. జనం వద్దన్నారు. అంతవరకూ ఖర్చు పెట్టేవాణ్ణి వెతికి వెతికి యాడ్ చూపించిన లెక్కలన్నీ ఒక్కసారిగా మసకబారాయి. చిన్న స్టూడియోలకి తగిలిన దెబ్బ ఇంకా మానలేదు.

ఇక రేటు పెట్టి అమ్మడం. ఇక్కడ డబ్బు ఒక్కసారే అడుగుతాం, అదీ ఆట మొదలవ్వకముందే. కాబట్టి తర్వాత విసిగించాల్సిన పని లేదు. కాలువకి నీళ్లు ఎంతసేపట్లో రావాలో అంతసేపట్లోనే వస్తాయి, ఆలోపు ఆటగాడు ఇంకో తూము చూసుకుంటాడు. అయితే దీనికీ ఒక బెత్తం ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే, కారణం అడక్కుండా డబ్బు వెనక్కి ఇస్తారు. అందుకని మొదటి రెండు గంటలు మాకు పెళ్లిచూపుల్లాంటివి. మా వాళ్ల ఆటలో అసలు మజా వరద వచ్చినప్పుడు. అప్పటిదాకా నీళ్లు చాలవని ఏడ్చినవాడు ఒక్కసారిగా నీళ్లు ఎక్కువై ఏడుస్తాడు. దాన్ని తీసుకెళ్లి నలభయ్యో లెవెల్లో పెట్టారు. అక్కడికి చేరేసరికి నాలుగు గంటలు. "ఒరే, వరదని నలభయ్యో నిమిషంలోకి తీసుకురా" అన్నాను. మొత్తం లెవెళ్ల వరుస మళ్లీ రాసుకున్నారు. ఫ్రీ ఆటైతే ఆ వరదని ఇంకా వెనక్కి నెట్టమనేవాణ్ణేమో, దాని కోసం ఎదురుచూస్తూ నెలంతా వస్తారని.

మార్కెట్ మాటకొస్తే, ఫోన్లో రేటు పెట్టడమెంత కష్టమో చెప్పడానికి జపాన్ ఆటల కంపెనీ నింటెండో చాలు. 2016 డిసెంబర్‌లో సూపర్ మారియో రన్ తెచ్చారు. మొదటి కొన్ని లెవెళ్లు ఉచితం, మిగతావాటికి ఒకేసారి పది డాలర్లు. ప్రపంచంలో ఆ టోపీ మీసాల మనిషిని గుర్తుపట్టని పిల్లాడు ఉండడు. దాదాపు 20 కోట్ల డౌన్‌లోడ్లు వచ్చాక కూడా లాభం తాము అనుకున్న స్థాయికి రాలేదని కంపెనీయే చెప్పింది. రెండు నెలలకి అదే కంపెనీ ఫైర్ ఎంబ్లమ్ హీరోస్ వదిలింది. ఉచితం, లోపల లాటరీలా పాత్రలు తియ్యాలి. డౌన్‌లోడ్లు చాలా తక్కువ, రాబడి మాత్రం ఎక్కువ. మారియో పేరుకే ఇది జరిగితే రాజమండ్రి కాలువకి ఫోన్లో ఎవరు ముందుగా డబ్బిస్తారు? మైన్‌క్రాఫ్ట్, స్టార్డ్యూ వ్యాలీ ఫోన్లో రేటు పెట్టే అమ్ముతున్నారు కదా అనొచ్చు. అవి కంప్యూటర్ మీద పేరు తెచ్చుకుని తర్వాత ఫోన్‌కి వచ్చినవి.

స్టార్డ్యూ మాట వచ్చింది కాబట్టి, ఇది ప్రతి కుర్రాడూ నాకు చెప్పే ఉదాహరణే. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకి పైగా కూర్చుని చేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. 2024 డిసెంబర్ నాటికి 4 కోట్ల 10 లక్షల కాపీలు. బాలాత్రో కూడా ఒక్క మనిషి పనే, 2024 ఫిబ్రవరిలో వచ్చి ఏడాదిలోపే 50 లక్షలు దాటింది. నేను వీటిని లెక్కలోకి తీసుకోవద్దంటాను. అదే 2024లో స్టీమ్‌లోకి 18 వేల పైచిలుకు ఆటలొచ్చాయి. రోజుకి యాభై. వాటిలో చాలావాటిని పట్టుమని వెయ్యిమంది కూడా కొనలేదు. గెలిచినవాళ్ల పేర్లే మనకి వినపడతాయి.

రేటు ఉంటే మంచి ఆట, లేకపోతే జూదం అనేంత తేలిక కూడా కాదిది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే రేటు ఉన్న రెండు ఆటలు చూడండి. సోనీ 2024 ఫిబ్రవరిలో హెల్‌డైవర్స్ 2ని 40 డాలర్లకి అమ్మింది, 12 వారాల్లో కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఆగస్టు 23న కాంకార్డ్‌ని అదే 40 డాలర్లకి పెట్టింది. సరిగ్గా రెండు వారాలకే, సెప్టెంబర్ 6న ఆట మూసేసి అందరికీ డబ్బు వాపసు ఇచ్చింది. నా ఉద్దేశంలో తేడా పక్క దుకాణంలో ఉంది. కాంకార్డ్ లాంటి ఐదుగురు ఐదుగురు కాల్చుకునే ఆటలు వాలరెంట్, ఓవర్‌వాచ్ 2 రూపంలో అప్పటికే ఉచితంగా ఉండేవి. ఊరికే దొరికేదాన్ని వదిలి 40 డాలర్లు ఎందుకివ్వాలో అది చెప్పలేకపోయింది. హెల్‌డైవర్స్ లాంటిది ఉచితంగా ఎక్కడా లేదు. అందుకే రేటు పెట్టే ముందు మన ఆట పక్కన ఊరికే ఏం దొరుకుతోందో చూసుకోవాలి. కాలువ ఆటకి ఆ పోటీ దాదాపు లేదు.

మూడో దారి ఒకటుంది, నెలవారీ చందా: నెల నెలా కొంత కట్టి అందులో ఉన్న ఆటలన్నీ ఆడుకోవడం. మైక్రోసాఫ్ట్ గేమ్‌పాస్ 2017లో, ఆపిల్ ఆర్కేడ్ 2019లో మొదలయ్యాయి. ఆ కంపెనీలు ఆట చేసినవాళ్లకి ముందే ఒక మొత్తం ఇచ్చేస్తాయి, అమ్ముడవుతుందా లేదా అన్న గుబులు ఉండదు. బాగుంటుంది, పిలుపొస్తే. 2020లో ఆపిల్, జనం ఎక్కువసేపు ఉండే ఆటలే కావాలని కొన్ని ఒప్పందాలు రద్దు చేసుకుంది. చందా కట్టినవాణ్ణి నెల నెలా నిలబెట్టాలి కదా మరి. చుట్టూ తిరిగి ఫ్రీ ఆటల ముప్పయ్యో రోజు లెక్కే అక్కడా తేలింది. పిలిస్తే వెళ్లండి, దాన్ని నమ్ముకుని ఉద్యోగం మాత్రం మానకండి అని చెప్పి ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

ఇక కాగితం మీద లెక్క. ఇద్దరికీ నెలకి 40 వేల చొప్పున ఏడాదిన్నరకి 14 లక్షల 40 వేలు. సంగీతం, బొమ్మలు కలిపితే 16 లక్షలు అనుకుందాం. స్టీమ్ నూటికి 30 తీసుకుంటుంది. డిస్కౌంట్లు, వాపసులు, పన్నులు, ఒక్కో దేశంలో ఒక్కో రేటు అన్నీ పోను కాపీకి సగటున 300 రూపాయలు చేతికొస్తాయనుకుంటే, 5,300 కాపీలు అమ్ముడైతే పెట్టింది వస్తుంది. కష్టమే, ఊహకందని అంకె మాత్రం కాదు. ఫ్రీగా పెడితే డౌన్‌లోడ్‌కి సగటున నాలుగు రూపాయలు రాలిందనుకున్నా 4 లక్షల డౌన్‌లోడ్లు కావాలి, అదీ యాడ్లకి పైసా ఖర్చు పెట్టకుండా. ఇందులో నా ఊహలు ఉన్నాయి, కాదనను. అంకెలు అటూ ఇటూ మార్చి చూసుకున్నాం, ఇద్దరు మనుషులున్నంతవరకూ ఏ రకంగా చూసినా రేటు పెట్టి అమ్మే దారే తేలికగా కనపడింది.

పిన్ని ఫోన్ తీసుకుని, "అది కాదు బాబూ, మన వీధిలో ఏ పిల్లాడూ ఆటకి 400 ఇవ్వడు కదా" అంది. నిజం. మొబైల్ ఆటల డౌన్‌లోడ్లలో మన దేశం ముందు వరసలో ఉంటుంది, ఖర్చులో చాలా వెనక. లూడో కింగ్ అయినా బీజీఎంఐ (మన దేశపు పబ్జీ) అయినా ఫ్రీగా ఉన్నాయి కాబట్టే ఇంటింటికీ వెళ్లాయి. పది మంది ఒకరితో ఒకరు ఆడుకునే ఆటైతే, వెనక పదిహేనుమంది జట్టు, ఏడాది ఖర్చుకి డబ్బు ఉంటే నేనూ ఫ్రీయే అంటాను. అక్కడ ఊరికే ఆడేవాడు కూడా ఉపయోగమే, డబ్బిచ్చేవాడికి ఎదురు కూర్చునేవాడు కావాలి కదా. ఒంటరిగా తూముల దగ్గర కూర్చునే ఆటకి ఆ అవసరం లేదు. దీన్ని కొనేది మన వీధిలో కాదు, జర్మనీలోనో కొరియాలోనో పజిల్ ఆటలు వెతుక్కునేవాడు. "వాళ్లకి లాకులూ తూములూ ఏం తెలుసు?" అంది. అదే వాళ్లకి కొత్త పిన్నీ అన్నాను. నమ్మినట్టు లేదు.

ఇప్పటికి మా వాళ్లు స్టీమ్‌లో వంద డాలర్లు కట్టి పేజీ తెరిచారు. అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటితే ఆ వంద తిరిగొస్తుంది. విష్‌లిస్ట్‌లు (తర్వాత కొనాలని ఆటని గుర్తు పెట్టుకున్నవాళ్ల లెక్క) ఏడు వేలు దాటితే రాబోయే ఆటల వరుసలో కనపడతామని మా మధ్య ఒక నమ్మకం, వీళ్లకి నిన్నటికి 312 ఉన్నాయి. వరదని ముప్పై ఎనిమిదో నిమిషానికి తెచ్చారు. ఇక్కడి రేటు ఒకడు 349 రూపాయలు అంటాడు, ఒకడు 449 అంటాడు, ఆ గొడవ ఇంకా తెగలేదు.