పాత కారు హెడ్‌లైట్లు: స్విచ్చి మీదుగానా, రిలేతోనా? ఏది మేలు?

నెల్లూరు, ఒంగోలు వైపు పాత అంబాసిడర్‌నో మారుతి 800నో ఇంకా నడుపుకుంటున్నవారు రాత్రిపూట హైవే ఎక్కితే హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని బల్బులు మారుస్తుంటారు. బల్బు కంటే ముందు చూడవలసింది దానికి కరెంటు వచ్చే దారిని.

పాత కార్లు చాలావాటిలో హెడ్‌లైట్ల కరెంటంతా డ్రైవరు చేతి కింది స్విచ్చి గుండానే పోతుంది. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు సన్నని వైర్లలోనూ, అరిగిన స్విచ్చి పాయింట్లలోనూ నడిచేసరికి కొంత వోల్టేజీ దారిలోనే వేడిగా పోతుంది. బల్బుకు చేరే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. స్విచ్చి కూడా వేడెక్కి పాడవుతుంది.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుత్ స్విచ్చి. అది పెడితే డ్రైవరు స్విచ్చి మోసేది రిలే లోపలి తీగచుట్టకు, అంటే కాయిల్‌కు, కావలసిన సుమారు 0.2 ఆంపియరు మాత్రమే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి రిలే మీద 30 అని గుర్తున్న టెర్మినల్‌కు వచ్చి, 87 గుర్తున్న దాని నుంచి మందమైన వైరులో నేరుగా బల్బుకు వెళ్తుంది. 85, 86 కాయిల్‌కు చెందినవి. కాబట్టి హెడ్‌లైట్లకు రిలేయే మేలని నా నిశ్చితాభిప్రాయం. అయితే రెండు బీములనూ ఒకే రిలేకు అప్పగిస్తే అది ఆగిన క్షణాన రోడ్డంతా చీకటవుతుంది గనుక డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి ఉండాలి.

ఫ్యూజు కాపాడేది ప్రధానంగా వైరును. అందుకే అది బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. కుడి, ఎడమ బల్బులకు విడివిడిగా 10 ఆంపియర్ల ఎరుపు బ్లేడ్ ఫ్యూజులు పెడితే ఒకటి కాలినా రెండోది వెలుగుతుంది. గాజు గొట్టం ఫ్యూజుల కంటే బ్లేడ్ రకం పట్టు గట్టిది. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల ఉప్పుగాలికి క్లిప్పులు చిలుము పట్టి, ఫ్యూజు బాగున్నా కరెంటు అందకపోవచ్చు. వానాకాలానికి ముందే వాటిని శుభ్రం చేయించాలి. కాలిన ఫ్యూజుకు రేకు చుట్టడం, 10 స్థానంలో 30 పెట్టడం ఎంతమాత్రం తగదు, ఎందుకంటే అప్పుడు ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుంది.

పార్కింగ్ లైట్లకు, డ్యాష్‌బోర్డు బల్బులకు రిలే అక్కరలేదు. ఎక్కువ కరెంటు లాగే హారన్‌కు మాత్రం పెట్టించుకోవచ్చు.