ట్రోమ్సోలో మూడు చలికాలాలు యూర్ యాప్‌ని నమ్ముకున్నాక రాస్తున్న రివ్యూ

అక్టోబర్ వచ్చిందంటే చాలు, నార్వేకి ఉత్తరాన ఉన్న ఈ ట్రోమ్సోకి కొత్తగా చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మన తెలుగు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "అక్కా, ఈసారి చలి ఎలా ఉంటుందంట, మైనస్ ఎంతకి వెళ్తుంది?" అని. మొదటి ఏడాది నేనూ అదే అడిగా. ఇప్పుడు మూడో చలికాలం నడుస్తోంది, ఇప్పుడైతే ఒకటే చెప్తా. మైనస్ ఎంత అన్నది పక్కన పెట్టండి, వారంలో ఎన్నిసార్లు సున్నా దాటుతుందో చూడండి. ఈ చూపు నాకు అలవాటు చేసింది యూర్ అనే వెదర్ యాప్, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాద్దామని కూర్చున్నా.

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వై, ఆర్ అని రెండే రెండు. ఇక్కడోళ్ళు పలికేది ఇ-కి ఉ-కి మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది మన నోటికి అంత తేలిగ్గా రాదు కాబట్టి నేను యూర్ అనే రాస్తున్నా. వాళ్ళ భాషలో ఆ మాటకి సన్న తుంపర అని అర్థం. నార్వే వాతావరణ శాఖ, ఎన్‌ఆర్‌కే అనే ప్రభుత్వ టీవీ రేడియో సంస్థ కలిసి 2007లో మొదలుపెట్టారు. డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ ఉండవు, ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు, పైగా వాళ్ళ డేటా మొత్తం ఎవరైనా వాడుకునేలా బయట పెట్టేస్తారు. వాతావరణ శాఖ అయితే 1866 నాటిది. మనం బళ్ళో చదువుకున్న వెదర్ ఫ్రంట్లు ఉన్నాయి కదా, వెచ్చటి గాలి చల్లటి గాలి ఎదురుపడే గీతలు, ఆ సిద్ధాంతం పుట్టింది కూడా ఈ దేశంలోనే, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో బెర్గెన్ ఊళ్ళో విల్హెల్మ్ బ్యెర్క్నెస్ అనే శాస్త్రవేత్త బృందం చేతుల్లో.

సరే యాప్ సంగతికొస్తా. తెరవగానే గంట గంటకీ ఒక లైను, అందులో టెంపరేచర్, వాన ఎన్ని మిల్లీమీటర్లు, గాలి ఎంత, ఎటు నుంచి. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ ఒక్క చిన్న పని చేశారు, అదే నాకు ప్రాణం. సున్నాకి పైన ఉన్న అంకెలు ఎర్రగా, కింద ఉన్నవి నీలంగా చూపిస్తారు. అంతే. పొద్దున్నే సగం నిద్రలో ఫోన్ తీసి ఆ వరస మీద అలా కన్ను పరిగెత్తిస్తే చాలు, నీలం నీలం నీలం అని పోతున్న అంకెల మధ్య రెండు మూడు ఎర్రంకెలు కనిపించాయంటే ఆ రోజు ప్లాన్ మొత్తం మారిపోవాలన్నమాట.

ఎందుకంటారా. ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది, ఆర్కిటిక్ వృత్తానికి చాలా పైన. మ్యాప్ చూసి మా ఇంట్లో అందరూ భయపడ్డారు, మైనస్ 40లో పిల్ల ఎలా బతుకుతుంది అని. నిజానికి ఇక్కడ జనవరి సగటు మైనస్ 3, 4 దగ్గరే ఉంటుంది. ఊళ్ళో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ మైనస్ 18.4, అది కూడా 1966 ఫిబ్రవరిలో. అట్లాంటిక్ నుంచి వెచ్చటి సముద్ర ప్రవాహం ఈ తీరం వెంబడే పైకి వస్తుంది, అందుకే హార్బర్ గడ్డకట్టదు, నడి చలికాలంలోనూ పడవలు తిరుగుతూనే ఉంటాయి. అదే తీరం వదిలి లోపలికి, ఫిన్‌మార్క్ పీఠభూమిలో కారాషోక్ దాకా వెళ్ళండి, అక్కడ 1886 జనవరి 1న మైనస్ 51.4 నమోదైంది, నార్వే మొత్తానికి ఇప్పటికీ అదే రికార్డు. ఒకే ఉత్తరం, ఒకటి సముద్రం పక్కన ఒకటి నేల మధ్యన, అంత తేడా.

మరి చలి అంత లేకపోతే ఇబ్బంది ఎక్కడ అంటే, సున్నా దగ్గరే ఇబ్బంది. ఆగ్నేయం నుంచి గాలి వస్తే లోపలి నేల మీద చల్లబడ్డ గాలి, ఆకాశం శుభ్రంగా, మైనస్ 8, మైనస్ 10, కాళ్ళ కింద మంచు కరకరలాడుతూ నడవడానికి హాయిగా ఉంటుంది. నైరుతికి తిరిగిందా, సముద్రం మీది తేమ గాలి, ప్లస్ 3, ప్లస్ 4, జోరు వాన. అడుగు మందం తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు మీద ఆ వాన పడి, మళ్ళీ సాయంత్రానికి సున్నా కిందకి పోతే రోడ్డంతా అద్దం. ఈ ఉత్తరాదోళ్ళు దాన్ని హోల్కె అంటారు. దానికోసమే బూట్లకి తగిలించుకునే ఇనప ముళ్ళు దొరుకుతాయి, బ్రోడర్ అంటారు. ముసలోళ్ళు పిల్లలు అందరూ వేసుకుంటారు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నా మొదటి జనవరిలో ఇది తెలీదు. ఫోన్ కొన్నప్పుడు దాంట్లోనే ఉండే ఒక వెదర్ యాప్ ఉండేది, దాన్నే చూసేదాన్ని. ఆ రోజు మొత్తానికి ఒకటే బొమ్మ, మంచు పువ్వు, పక్కన మైనస్ 1. మంచే కదా అని మామూలు బూట్లతో దిగా. రాత్రి మూడింటి నుంచి ఆరింటి దాకా వాన పడిందని నాకేం తెలుసు. బస్‌స్టాప్ దగ్గర చిన్న వాలు, ఇరవై అడుగులు కూడా ఉండదు, మీద పలచగా నీళ్ళు పారుతున్నాయి, కింద మంచుగడ్డ. నీళ్ళు అనుకుని అడుగేశా. చెయ్యి ఆనించి పడ్డా, మణికట్టు వాచి మూడు వారాలు కట్టు. లేపిన పెద్దావిడ తన ఫోన్ తీసి యూర్ చూపించింది, ఆ రాత్రి గంటలన్నీ ఎర్రగా ఉన్నాయి, 1, 2, 2, 3, 1, తర్వాత మళ్ళీ నీలం. రోజుకి ఒక బొమ్మ చూసి బయల్దేరకూడదు, గంటలు చూడాలి అని చెప్పింది. ఆ సాయంత్రమే ఇన్‌స్టాల్ చేశా, ఆవిడ మొహం ఇప్పటికీ గుర్తే.

ఇంకో సంగతి కూడా ఆ ఎర్రంకెలే చెప్తాయి. అలాంటి రోజుల్లో ఇళ్ళ కప్పుల మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారి కింద పడుతుంది, క్వింటాళ్ళ బరువు. గోడ వారగా నడవొద్దు, పిల్లల బండి చూరు కింద ఆపొద్దు. మంచు అంటే ఏదో నాలుగు వేళ్ళ మందం అనుకోకండి, 1997 ఏప్రిల్ 29న ఈ ఊళ్ళో 240 సెంటీమీటర్ల మంచు కొలిచారు, ఏప్రిల్ నెలాఖరులో, మనకి మామిడికాయలు దిగే టైములో.

ఇప్పుడు అందరూ అడిగే అసలు ప్రశ్న, మొత్తం చలికాలం ఎలా ఉండబోతోంది అన్నది. యూర్‌లో 21 రోజుల ముందస్తు అంచనా ఉంది. మొదటి రెండున్నర రోజుల దాకా వాళ్ళు వాడేది నేలని రెండున్నర కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి లెక్కకట్టే కంప్యూటర్ మోడల్, కొండలు, ఫియోర్డులు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చే సముద్రపు పాయలు) దానికి కొంతవరకైనా కనిపిస్తాయి. ఆ తర్వాత ఈసీఎండబ్ల్యూఎఫ్ అనే యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం మోడల్‌కి మారతారు, అందుకే మూడో రోజు దగ్గర అంకెలు ఒక్కోసారి గెంతినట్టు అనిపిస్తాయి, యాప్ పాడైందని కంగారు పడొద్దు. వారం దాటాక మాత్రం ఒక్క అంకె పట్టుకుని కూర్చోకండి, ఎంత నుంచి ఎంత మధ్య ఉండొచ్చు అని ఇచ్చే ఆ వెడల్పు చూడండి. వెడల్పు చిన్నగా ఉంటే కొంచెం ధైర్యం, బాగా పరుచుకుని ఉంటే అప్పుడే ఏమీ అనుకోవద్దని అర్థం. నేనైతే రెండో వారం దాకా చూసి లోపలికి కారులో వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తా, టికెట్లు మాత్రం దాన్ని చూసి కొనను.

మూడు నెలల సీజన్ అంచనా కావాలంటే కోపర్నికస్ అనే యూరప్ సర్వీసు నెలనెలా మ్యాపులు పెడుతుంది, అవి కూడా ఉచితమే. అది చదవడం తెలియాలి. గడిచిన చలికాలాలన్నిటినీ మూడు సమాన వాటాలు చేస్తారు, చల్లగా, మామూలుగా, వెచ్చగా. ఏమీ తెలియకపోతే ఒక్కోదానికి 33 శాతం. ట్రోమ్సో మీద వెచ్చగా ఉండేందుకు 50 శాతం అని రంగు పడిందంటే 33 కాస్తా 50 అయ్యిందని, అంతే. మిగతా 50 శాతం, మామూలుగానో చల్లగానో ఉండే అవకాశం, ఇంకా అలాగే ఉంది. మన దగ్గర ఎల్‌నినో లానినా అంటే రైతు దగ్గర్నుంచి టీవీ దాకా మాట్లాడతారు, మన రుతుపవనాలకి దానితో గట్టి ముడి ఉంది కాబట్టి. ఈ తీరానికి ఆ ముడి పలచన. ఇక్కడ ఎక్కువ నడిపించేది ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనం, అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గరి అధికపీడనం, ఆ రెండింటి మధ్య తేడా. అది పెరిగితే పడమటి గాలులు బలంగా వచ్చి వెచ్చదనం, తడి. తగ్గితే చలి, పొడి. కానీ అది నెలల ముందు ఇలా ఉంటుందని గట్టిగా చెప్పడం కష్టం.

ఇక్కడే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఈసారి మామూలుకన్నా వెచ్చగా ఉంటుందట అని ఎవరైనా అంటే సంబరపడకండి అబ్బా. సగటు మైనస్ 4 ఉన్న చోట రెండు డిగ్రీలు పెరిగితే మైనస్ 2, అంటే సున్నాకి ఇంకా దగ్గర, అంటే ఇంకా ఎక్కువ ఎర్రంకెలు, ఎక్కువ హోల్కె. లోపల కారాషోక్‌లో ఉన్నోళ్ళకి వెచ్చటి చలికాలం వరమే, మైనస్ 30 బదులు మైనస్ 25. తీరం మీద ఉన్న మనకి మాత్రం వెచ్చటి చలికాలమే జారుడు చలికాలం. అందుకే అలాంటి అంచనా వచ్చిన ఏడాది నేను ఇంకో లావు జాకెట్ కొనను, కొత్త బ్రోడర్ జత కొంటా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, అవి యాప్‌వి అనేకంటే ఈ సముద్రానివి. "పోలార్ లో" అని ఒకటుంది (ఇంగ్లీషులో ఆ "లో" అంటే అల్పపీడనం), ఉత్తరాన గడ్డకట్టిన సముద్రపు అంచు మీదుగా కొరికేసే చలిగాలి వచ్చి వెచ్చటి నీళ్ళ మీద పడితే అక్కడికక్కడే పుట్టే చిన్న తుఫాను. శాటిలైట్ ఫోటోలో చూస్తే అచ్చం మన బంగాళాఖాతం తుఫానులాగే చుట్ట చుట్టుకుని, ఒక్కోసారి మధ్యలో కన్నుతో సహా. నేను వైజాగ్ దాన్ని, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న మా మీదకే వచ్చింది, కానీ అది వస్తోందని రోజుల ముందే తెలుసు, కొవ్వొత్తులు, బియ్యం, నీళ్ళు అన్నీ సర్దుకున్నాం. పోలార్ లో అలా టైమివ్వదు. కొన్ని గంటల్లో పుట్టి, చాలావరకు ఒకటి ఒకటిన్నర రోజుల్లో తీరం మీద చల్లారిపోతుంది. ఆ లోపు నిశ్శబ్దంగా ఉన్న సముద్రం మీద తుఫాను గాలి, కళ్ళ ముందు చెయ్యి కనపడనంత మంచు. చేపల పడవల వాళ్ళకి ఇది తరతరాల భయం. కాబట్టి ఉత్తరపు గాలి, మంచు జల్లులు అని కనిపించిన రోజు పొద్దున ఒకసారి చూసి వదిలెయ్యకుండా మధ్యాహ్నం మళ్ళీ చూడండి. వచ్చే 90 నిమిషాల జల్లుల్ని రాడార్ ఆధారంగా చూపించే భాగం ఉంది, అది అలాంటప్పుడే పనికొస్తుంది.

గాలి మీటర్ పర్ సెకండ్‌లో ఇస్తారు, మార్చకుండా అలాగే ఉంచండి, ఇక్కడ అందరూ ఆ లెక్కలోనే మాట్లాడతారు. 3.6తో హెచ్చిస్తే గంటకి కిలోమీటర్లు. 12 పక్కన బ్రాకెట్లో 21 అని ఉంటే ఆ 21 విసుర్లది, చూడాల్సింది దాన్నే, అంటే గంటకి దాదాపు 76 కిలోమీటర్లు, మంచుగడ్డ మీద నిలబడ్డ మనిషిని నెట్టేస్తుంది. పైన పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు వస్తాయి. 2024 జనవరి 31న ఇంగున్ తుఫాను వచ్చినప్పుడు మాకు దక్షిణంగా ఎరుపు ఇచ్చారు, 1992 నూతన సంవత్సరం నాటి పెనుగాలి తర్వాత అంత బలమైంది అదేనన్నారు. కొండల్లోకి స్కీయింగ్‌కి పోయేవాళ్ళు మాత్రం దీనొక్కదాని మీదే ఆధారపడొద్దు, కొండ మీంచి మంచు చరియలు జారిపడే ప్రమాదం గురించి హెచ్చరికలకి వార్‌సోమ్ అని వేరే సర్వీసు ఉంది, 1 నుంచి 5 దాకా స్కేలు, అది చూడకుండా కొండ ఎక్కకండి.

నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో ఆడే రంగు వెలుగులు, అరోరా అన్నా అదే) కోసం వచ్చే బంధువులకి కూడా యూర్‌లోనే ఒక పేజీ ఉంది, కానీ నా అనుభవంలో అరోరా బలం కంటే మబ్బులే ముఖ్యం. ఊరి మీద మబ్బు పట్టి ఉంటే అదే సాయంత్రం లోపలికి, ఫిన్లాండ్ సరిహద్దు వైపు ఆకాశం తేటగా ఉండొచ్చు. రెండు మూడు ఊళ్ళు సేవ్ చేసి పెట్టుకుని పక్కపక్కన పోల్చండి.

నవంబర్ చివర నుంచి జనవరి సగం దాకా సూర్యుడు పైకి రాడు, కొండల అడ్డం వల్ల ఊళ్ళోకి మొదటి ఎండ జనవరి 21 దగ్గర పడుతుంది, ఆ రోజు ఆఫీసుల్లో స్కూళ్ళలో సూర్యుడి పేరుతో తీపి బన్నులు పంచుకుంటారు. ఆ రెండు నెలలూ మనసు దిగాలుగా ఉంటుంది, నిజం. అప్పుడు యాప్‌లో మధ్యాహ్నం ఎంతసేపు వెలుతురు ఉంటుందో చూసుకుని, నీలం అంకెలున్న తేట రోజయితే పన్నెండింటికి పని ఆపేసి బయట నడిచొస్తా. ఆకాశం దక్షిణాన గులాబీ రంగులోకి మారి గంటన్నర అలాగే ఉంటుంది.

మా అమ్మ వైజాగ్‌లో కూర్చుని తన ఫోన్లో కూడా యూర్ పెట్టించుకుంది, పైన మా ఇల్లు, కింద ఇక్కడి ట్రోమ్సో. ఇంగ్లీషు పెద్దగా రాదు, కానీ రంగులు తెలుసు కదా. నిన్న నాకు ఇంకా తెల్లారక ముందే ఫోన్, "ఏమే, రేపు మీ దగ్గర ఎర్రంకెలు పడ్డాయి, ముళ్ళు వేసుకుని దిగు" అని. చూస్తే నిజమే, పదకొండు నుంచి మూడింటి దాకా 2, 3, 3, 1, గాలి నైరుతి. బ్రోడర్ తీసి తలుపు దగ్గర పెట్టుకున్నా.