సెనెకా రీస్లింగా, విలామెట్ పినోనా: మన భోజనానికి ఏది మేలు?

పోయిన దసరాకు న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో ఉండే అక్కావాళ్లింటికి వెళ్తూ సూట్‌కేసులో రెండు పినో నువార్ ఎర్ర వైన్ సీసాలు పెట్టుకున్నాను. ఒక్కోదాన్నీ పాత లుంగీలో చుట్టి, బట్టల మధ్య ఇరికించి, పోర్ట్‌లండ్ నుంచి అక్కడిదాకా పగలకుండా చేర్చాను. మేం ఉండేది ఆరెగన్ రాష్ట్రం హిల్స్‌బరోలో. విలామెట్ లోయ ద్రాక్షతోటలు మాకు ముప్పావుగంట దూరం. అక్కావాళ్లకు సెనెకా సరస్సు కూడా అంతే. రెండూ చలి ప్రాంతాలే, రెండుచోట్లా ఒకే కుటుంబం నడుపుకునే చిన్న చిన్న తోటలు చాలా ఉన్నాయి. మావి బాగుంటాయని నేను, మావి బాగుంటాయని బావ, ఏళ్లుగా ఫోన్లో వాదించుకుంటూనే ఉన్నాం. ఒకే బల్ల మీద పెట్టి చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

బల్ల మీద బగారా అన్నం, పుంటికూర మటన్, పక్కన పెరుగు చట్నీ. బావ ఫ్రిజ్‌లోంచి రెండు రీస్లింగులు, అంటే తెల్ల వైన్లు, తీశాడు. మొదట నా పినో పోశాం. ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని తాగినప్పుడు ఎంతో ఇష్టపడ్డ వైన్ అది. పుంటికూర ముద్ద మింగి ఒక గుక్క తాగేసరికి అందులో పండు రుచి ఏమీ మిగల్లేదు. వగరు ఒక్కటే నాలుకకు పట్టుకుంది, కారం ఇంకా మండింది. అక్క గ్లాసు పక్కన పెట్టేసి, "తమ్మీ, ఇది కూరతోటి కాదు, ఊరికే కూసున్నప్పుడు తాగేది" అంది. ఆ మాటతో నా వాదన సగం పోయింది.

చలి ద్రాక్షకు ఏం చేస్తుందో నాకు అర్థమైంది మేడ్చల్ దగ్గరి ద్రాక్షతోటలు గుర్తొచ్చాకే. చిన్నప్పుడు అటు వెళ్తే పందిళ్ల నిండా అనాబ్-ఎ-షాహి గుత్తులు వేలాడేవి. మనవైపు తీగకు చలికాలపు నిద్ర ఉండదు. రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దాన్ని దారిలో పెడతాడు, ఎండలు ముదిరే వేళకు కాయ పండుతుంది. వేడికి పులుపు తొందరగా తగ్గిపోతుంది, తీపి మిగులుతుంది. తినడానికి అంతకన్నా మంచి పండు లేదు. చలి నేలలో జరిగేది వేరు. వేసవి చిన్నది, రాత్రులు చల్లన. చక్కెర నెమ్మదిగా చేరుతుంది, పులుపు పోకుండా నిలుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు దాకా కాయ తీగ మీదే ఉంటుంది. ఆ నిలిచిన పులుపే ఈ వైన్లకు ప్రాణం. చింతపండు, పుంటికూర, మామిడికాయ తిని పెరిగిన నాలుకకు ఆ పులుపు కొత్తేమీ కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ పదకొండు సరస్సులు. పటంలో చూస్తే పొడుగ్గా, సన్నగా వేళ్లు చాచినట్టు ఉంటాయి. మంచుయుగపు హిమానీనదాలు తొలిచిన పల్లాలవి. వాటిలో ఒకటైన సెనెకా లోతు సుమారు 188 మీటర్లు. అంత నీరు ఎండాకాలమంతా పట్టిన వేడిని చలికాలంలో మెల్లగా వదులుతుంది, అది గడ్డకట్టడం చాలా అరుదు. అందుకే తోటలన్నీ ఒడ్డు పక్క వాలులోనే ఉంటాయి, సరస్సు వదిలి పైకి పోతే తీగ బతకడం కష్టం. మేం వెళ్లిన ఒక చిన్న తోటలో చలికాలానికి ముందు ప్రతి తీగ మొదట్లో నాగలితో మట్టి ఎగదోస్తారని చెప్పారు, మనం చెరుకుకు చేసినట్టే. అంటుకట్టిన చోటు గడ్డకడితే తీగ మొత్తం పోతుంది. వసంతంలో మళ్లీ ఆ మట్టంతా తీసేయాలి. కొన్ని ఎకరాలే ఉన్న కుటుంబానికి ఏటా రెండుసార్లు ఆ పని అంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

ఐరోపా ద్రాక్ష అక్కడి చలికి బతకదని ఒకప్పుడు అందరూ గట్టిగా నమ్మారు. యుక్రెయిన్ నుంచి 1951లో అమెరికా వచ్చిన కాన్‌స్టంటీన్ ఫ్రాంక్ చలికి ఆగే వేరుమూలం మీద అంటుకడితే బతుకుతుందని పట్టుబట్టి, 1962లో క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. రీస్లింగ్‌కు పుట్టినిల్లు లాంటి జర్మనీ మోజెల్ లోయ నుంచి వచ్చిన హెర్మన్ వీమర్ 1979లో సెనెకా పక్కన మొదలుపెట్టాడు. ఇవాళ అక్కడ ఏ చిన్న టేస్టింగ్ రూమ్‌కు వెళ్లినా ముందు పోసేది రీస్లింగే.

బావ తీసిన మొదటి సీసా డ్రై, అంటే తీపి లేనిది. మొదటి గుక్కకే దవడల దగ్గర జివ్వుమంది, పచ్చి మామిడికాయ కొరికినట్టు. వాసనలో నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, వాన పడ్డాక తడిసిన బండరాయి. నాలుగైదేళ్లు నిల్వ ఉన్న సీసా కావడంతో లోపల ఎక్కడో సన్నగా కిరోసిన్ వాసన కూడా తగిలింది. పాడైందేమో అని మొదట అనుకుంటాం. పాడవలేదు, వయసు పెరిగిన రీస్లింగ్‌కు అది సహజం. నాకైతే ఆ వాసన బాగా నచ్చుతుంది.

రెండోది మీడియం డ్రై. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది "తీపి వైనా, వద్దులే" అని దాటేసేది ఇదే. సీసా వెనక లేబుల్ మీద ఒక చిన్న గీత, దాని మీద గుర్తు ఉంటాయి: డ్రై, మీడియం డ్రై, మీడియం స్వీట్, స్వీట్. అది చక్కెర ఒక్కదాన్నే చూసి పెట్టిన గుర్తు కాదు, చక్కెరను పులుపుతో తూచి పెట్టింది. పులుపు కన్నా చక్కెర తక్కువైతే డ్రై. చక్కెర కొంచెం ఎక్కువైనా పులుపు దాన్ని పట్టి ఆపుతుంటే మీడియం డ్రై. మనం పులుసులో బెల్లం ముక్క వేయడం లాంటిదే ఇది. బెల్లం వేశామని పులుసు పాయసం అయిపోదు, పులుపు మొన తగ్గుతుందంతే. ఆ గ్లాసులో పీచ్ పండు, పంపరపనస తొనలు, చివర్న మళ్లీ నోరూరించే పులుపు. పుంటికూర ముద్ద తర్వాత ఒక గుక్క వేస్తే కారం దిగింది, కూరలోని పులుపు, వైన్‌లోని పులుపు ఒకదాన్నొకటి అందుకున్నాయి. బావ నావైపు చూసి, "ఏమంటవ్ బామ్మర్దీ?" అన్నాడు. ఏమీ అనలేక ఇంకో ముద్ద కలుపుకున్నాను.

దీనికి కారణం అంత జటిలమైంది కాదు. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది. మేం తాగిన పినోలో అది 13.5 శాతం, మీడియం డ్రై రీస్లింగ్‌లో 11. ఎర్ర వైన్‌లోని వగరు కారంతో కలిస్తే గరుకవుతుంది, తెల్లదాంట్లో ఆ వగరు దాదాపు ఉండదు. కూర పుల్లగా ఉండి వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. ఈ మూడింట్లోనూ రీస్లింగ్‌దే పైచేయి.

అలాగని మా లోయను తక్కువ చేయను. విలామెట్‌లో చలికాలమంతా వాన, వేసవి మాత్రం పొడిగా, హాయిగా ఉంటుంది. డండీ కొండల మీద మట్టి ఎర్రగా ఉంటుంది. లావా రాయి అరిగి ఏర్పడిన ఆ మట్టి పేరు జోరీ. 2011లో ఆరెగన్ దాన్ని రాష్ట్ర మృత్తికగా ప్రకటించింది. వాన తర్వాత ఆ తోటల్లో నడిస్తే చెప్పులకు అంటుకునే ఎర్రమట్టి చూసి మన చెల్క నేల గుర్తొస్తుంది. ఇక్కడ చలి, వాన ఎక్కువ, పినో పండదు అని చెప్పినా వినకుండా డేవిడ్ లెట్ 1965లో మొక్కలు తెచ్చి నాటాడు. అతని 1975 వైన్ 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో పినోల వరుసలో మొదటి పదిలో నిలిచింది. మరుసటి ఏడు పినోకు పుట్టినిల్లు లాంటి ఫ్రాన్స్ బర్గండీలో మళ్లీ పరీక్ష పెడితే రెండో స్థానం వచ్చింది. ఆ పరీక్ష పెట్టించిన అక్కడి వైన్ వ్యాపారి రాబర్ట్ డ్రూయాఁ కుటుంబమే 1987లో వచ్చి డండీలో భూమి కొంది. దానికి మించిన మెచ్చుకోలు ఇంకేముంటుంది?

నేను తీసుకెళ్లిన రెండింట్లో ఒకటి డండీది. ఎర్ర చెర్రీ, ఎండిన గులాబీ రేకులు, కింద రాలిన ఆకుల తడి వాసన. రెండోది ఈయోలా-అమిటీ కొండలది. సాయంత్రమయ్యేసరికి సముద్రం మీది చల్లగాలి వాన్ డూజర్ సందులోంచి నేరుగా ఆ కొండల మీదికి వస్తుంది. ఆ గాలికి కాయ తొక్క మందమవుతుందంటారు. దాంట్లో పండు రంగు ముదురు, నేరేడు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు లాంటిది చివర్న ఉంటుంది, పులుపు కూడా ఎక్కువ. మరునాడు రాత్రి పిల్లలు పడుకున్నాక, వేయించిన పల్లీలు తప్ప ఇంకేమీ లేకుండా ఈ రెండోదాన్ని మళ్లీ పోసుకున్నాం. గంటసేపట్లో గ్లాసులో మూడు రకాలుగా మారింది. ముందు పండు, తర్వాత మిరియం, చివరికి పుట్టగొడుగులాంటి మట్టి వాసన. అప్పుడు బావే, "ఇది రీస్లింగ్‌తోటి రాదు" అన్నాడు. నిజమే. మాటల మధ్య నెమ్మదిగా తాగే రాత్రికి నేనైతే పినోనే తీస్తాను.

ధర దగ్గర మాత్రం సెనెకా చాలా మేలు. మేం తాగిన రీస్లింగులు ఒక్కోటి పాతిక డాలర్ల లోపే. నా పినోల్లో తక్కువది నలభై దాటింది. చిన్న తోటలో పినోకు ఖర్చు ఎక్కువ, కాయ తక్కువ, దాని తొక్క పల్చన కాబట్టి వానకు, బూజుకు, దేనికైనా ఇట్టే దెబ్బతింటుంది. 2020 సెప్టెంబరులో ఆరెగన్ అడవులు తగలబడ్డప్పుడు పొగ నేరుగా తోటల మీద కూర్చుంది. ఆ ఏటి పినో ఒకటి ఒక చిన్న తోట దగ్గర కొన్నాను. గ్లాసులో బాగానే అనిపించింది. మింగాక మాత్రం నోట్లో పొయ్యి బూడిద రుచి మిగిలింది. పొగలోని పదార్థాలు కాయలోని చక్కెరతో కలిసి దాక్కుంటాయి, నోట్లో లాలాజలం తగిలాక బయటపడతాయి. ఎర్ర వైన్‌ను తొక్కలతో నానబెడతారు కాబట్టి ఆ దెబ్బ దానికే ఎక్కువ. ఆ ఏడు చాలామంది పినో చేయడమే మానుకున్నారు. సెనెకావాళ్లకు పొగ బెడద లేదు కానీ, 2023 మే నెలలో ఒక్క రాత్రి పడిన మంచుకు లేత చిగుళ్లు మాడిపోయాయి. చలి నేలలో వ్యవసాయం అంటే ఏటా టెన్షనే.

ఇక వంటల సంగతి. చేపల పులుసు, మామిడికాయ పప్పు, పులిహోరలకు డ్రై రీస్లింగ్. కారం గట్టిగా ఉన్న మాంసం కూరలకు, ఆవకాయ అన్నానికి కూడా, మీడియం డ్రై. బిర్యానీకి డ్రై అయినా సరిపోతుంది, కానీ మిర్చీ సాలన్ కలుపుకునేవాళ్లు మీడియం డ్రై వైపే వెళ్లాలి. పినోకు మన వంటల్లో చోటు లేదనుకోకండి. పల్లీలు, నువ్వులు నూరి వేసిన గుత్తివంకాయతో చాలా బాగుంటుంది. ఆ నూనెదనానికి వగరు మెత్తబడుతుంది. కారం తగ్గించి కాల్చిన నల్లి బొక్కలకు, పుట్టగొడుగుల వేపుడుకు కూడా అదే. కాకపోతే పినోను ఇంటి వేడిలో ఉంచి పోయకండి, తాగే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. రీస్లింగ్‌ను మాత్రం మరీ గడ్డకట్టేంత చల్లబరిస్తే వాసన ఏదీ తెలియదు, తీసి పది నిమిషాలు బయట ఉంచాలి.

మన భోజనంలోకి ఒక్కటే సీసా కొనాలంటే సెనెకా మీడియం డ్రై రీస్లింగే కొనండి. పినో ఊళ్లో ఉంటూ ఈ మాట చెప్పడం నాకు తేలిక కాదు. సంక్రాంతికి అక్కావాళ్లు మా ఇంటికి వస్తున్నారు. ఈయోలా-అమిటీది ఒకటి రాత్రి కబుర్లకు పక్కన పెట్టాను. బావను మాత్రం నాలుగు రీస్లింగులు తెమ్మన్నాను. చుట్టడానికి లుంగీలు ఉన్నాయా అని అడిగితే, ఎండబెట్టిన పుంటికూర సంచుల మధ్య పెట్టుకొస్తామని అక్క చెప్పింది.