ఏమీ కొనకుండా కూర్చోనిచ్చే చోట్లు: హైదరాబాద్ రివ్యూ

హైదరాబాద్‌లో కూర్చుని చదువుకోడానికో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకోడానికో మంచి చోటు చెప్పమంటే అందరూ ముందు కేఫ్‌ల పేర్లే చెప్తారు. నేను మాత్రం లైబ్రరీల పేర్లే చెప్తాను. ఇంట్లో టీవీ, పక్కింట్లో డ్రిల్లింగ్, మధ్యలో కొరియర్ బెల్లు, వీటన్నిటి మధ్య పని సాగక బయటికి వచ్చినవాళ్ళకి కావలసింది ఆర్టు వేసిన కాఫీ కాదు. నడుం నొప్పి రాని కుర్చీ, గాలీ వెలుతురూ, తాగే నీళ్ళు, శుభ్రమైన బాత్రూమ్ (ఆడవాళ్ళకి ఇదే మొదటి ప్రశ్న), "ఇంకేమైనా కావాలా మేడమ్" అని గంటకోసారి వచ్చి నిలబడని మనుషులు.

ఆ లెక్కన చదువుకునేవాళ్ళకి నా మొదటి ఓటు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకే. గ్రీన్ లైన్ మెట్రోలో చిక్కడపల్లి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్, ఏ పరీక్ష రాసేవాళ్ళయినా ఇక్కడ కనిపిస్తారు. పాలమూరు నుంచి, నల్గొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ, పొద్దున్నే వచ్చి ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు పుస్తకం పెట్టి సీటు పట్టుకుంటారు. లోపల చోటు దొరకనివాళ్ళు ఆవరణలోనే కుర్చీ వేసుకుని చదువుకుంటారు. నా ఎదురు బల్ల దగ్గర ఒకమ్మాయి తెల్లకాగితం మీద ఆ రోజు చదవాల్సినవి వరసగా రాసుకుంది, శాతవాహనులు, ఆర్థిక సంఘం, నదీజలాల వివాదాలు అని, ఒక్కోటి అవగానే స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో కొట్టేస్తోంది, ఫోన్ మాత్రం బ్యాగులోంచి బయటికి తీయలేదు. అలాంటివాళ్ళ మధ్య కూర్చుంటే మన చెయ్యి కూడా ఊరికే ఫోన్ మీదకి పోదు, ఎంత ఖరీదైన కేఫ్‌లోనూ ఇది దొరకదు. బయటికొస్తే జిరాక్స్ షాపులు, పాత ప్రశ్నపత్రాలు, కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, మెస్సులు, టీ బండ్లు అన్నీ నాలుగడుగుల్లోనే. 2023 ఎన్నికలప్పుడు రాహుల్ గాంధీ కూడా ఇక్కడికి వచ్చి నిరుద్యోగులతో మాట్లాడి వెళ్ళారు, ఆ ఏరియాకి ఉన్న బలం అది.

జీతం తీసుకుంటూ ల్యాప్‌టాప్ మీద పని చేసే మనం ఉద్యోగ నోటిఫికేషన్ల సీజన్‌లో అక్కడ సీటు ఆక్రమించకూడదని మాత్రం నేను గట్టిగా అనుకుంటాను. ఆ కుర్చీ మనకి సౌకర్యం, వాళ్ళకి రెండు మూడేళ్ళ జీవితం. ఇక ఆ హాల్లో కూర్చుని టీమ్ కాల్ మాట్లాడటమైతే అస్సలు చేయకండి.

మనలాంటివాళ్ళు అఫ్జల్‌గంజ్ వెళ్ళాలి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారిన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అక్కడే, ఉస్మానియా ఆస్పత్రి పక్కనే ఉంది. ఆ భవనంలోకి అడుగు పెట్టగానే తల పైకెత్తి చూడాల్సిందే, అంత ఎత్తు కప్పు. బయట బస్సుల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి, కానీ కాసేపటికి అవి చెవికి ఆనవు. ఉర్దూ, తెలుగు, పర్షియన్, ఇంగ్లిష్ పుస్తకాలు లక్షల్లో ఉన్నాయి. రాసే పని, చదివే పని, కోడింగ్ లాంటి నోరు మెదపక్కర్లేని పని ఏదైనా ఇక్కడ హాయిగా సాగుతుంది. పాత లైబ్రరీలేవీ ల్యాప్‌టాప్‌ల కాలం కోసం కట్టినవి కావు కాబట్టి ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్ళండి, మొబైల్ డేటా చూసుకోండి. కాల్స్ ఉన్న పూట ఇంట్లోనే ఉండి, మిగతా పూట ఇక్కడికొచ్చేలా పనిని విడగొట్టుకుంటే టెన్షన్ ఉండదు.

తెలుగు పుస్తకాల పని ఉంటే సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, 1901 నాటిది, నిజాం కాలంలో తెలుగు కోసం పెట్టిన లైబ్రరీ అది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ కూడా మంచిదే, పరిశోధన చేసేవాళ్ళకి ఇంకా మంచిది.

వీటిలో ప్రభుత్వ లైబ్రరీలు ఎవరో దయతో నడిపిస్తున్నవి కాదని కూడా చెప్పాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సుగా పోతుంది. అద్దెకి ఉన్నా అద్దెలో కలిపి ఆ డబ్బు మనమే కడుతున్నాం. కాబట్టి రాత్రి ఇంకాసేపు తెరిచి ఉంచమని, బల్లకో ప్లగ్ పాయింట్ పెట్టమని, బాత్రూములు రోజుకి రెండు మూడుసార్లు కడిగించమని అడిగే హక్కు మనకి పూర్తిగా ఉంది. లోపలికెళ్ళి వాడుకునేవాళ్ళు పెరిగితేనే ఆ అడగడానికి బలం వస్తుంది.

కేఫ్‌ల గురించి ఎక్కువ చెప్పను. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, మాదాపూర్‌లలో బోలెడున్నాయి, ఒక మీటింగ్‌కి, ఒక పూటకి బాగుంటాయి. రోజూ వెళ్తే నెల తిరిగేసరికి కాఫీ బిల్లే చిన్న గది అద్దెంత అవుతుంది, పైగా సాయంత్రం పాటల సౌండ్ పెంచేస్తారు. ఇరానీ హోటల్లో ల్యాప్‌టాప్ తీయకండి, అది చాయ్ తాగి, ఉస్మానియా బిస్కట్ తిని, నాలుగు మాటలు మాట్లాడుకుని వెనకాలవాళ్ళకి టేబుల్ ఇచ్చేసే చోటు.

ప్రైవేట్ స్టడీ హాళ్ళ సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట సందుల్లో నెలవారీ ఫీజు తీసుకుని ప్లైవుడ్ క్యాబిన్, ఏసీ, వైఫై ఇచ్చేవి వీధికొకటి ఉన్నాయి. ఇంట్లో అస్సలు కుదరనివాళ్ళకి, రాత్రిళ్ళు చదివేవాళ్ళకి ఇవే దిక్కు, అది నేను కాదనను. నేను కొన్నాళ్ళు వెళ్ళిన దాంట్లో కిటికీ అన్నదే లేదు, లోపలికి బయటికి ఒకటే ఇరుకు మెట్లు, ఆ మెట్ల మీదే చెప్పులు, వాటర్ క్యాన్లు, పక్కనే మీటర్ల బోర్డు. అగ్గి పుడితే ఎటు వెళ్తాం అని అడిగితే "ఇప్పటిదాకా ఏం కాలేదు కదా మేడమ్" అన్నారు. ఆ నెలతో మానేశాను. 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సెల్లార్‌లో నడుస్తున్న లైబ్రరీలోకి వాన నీళ్ళు ముంచెత్తి, సివిల్స్‌కి చదువుతున్న ముగ్గురు పిల్లలు చనిపోయారు. మన దగ్గరా వానలు తక్కువేం కావు. అందుకే ఫీజు కట్టేముందు ఏసీ ఎంత చల్లగా ఉందో కాదు, సెల్లార్‌లో ఉందా, రెండో దారి ఉందా, కిటికీ తెరుచుకుంటుందా, మంటలార్పే సిలిండర్ మీద తేదీ దాటిపోయిందా, ఇవి చూడండి. చూడనివ్వకపోతే అక్కడ చేరకండి. మీ తమ్ముడో చెల్లెలో ఊరి నుంచి వచ్చి ఇలాంటి హాల్లో చేరుతుంటే మొదటి రోజు మీరే వెంట వెళ్ళి ఆ మెట్లు ఎక్కి చూసి రండి.